పదో తరగతి తర్వాత మన పిల్లలు ఎక్కడున్నారు? బడి తరఫున సర్వే ఎలా చేయాలి

జూన్‌లో టీసీ కోసం వచ్చిన ఏ పిల్లాణ్ణి అడిగినా ఒకటే జవాబు: "ఇంటర్‌లో చేరతా సార్." రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని, "బాగా చదువుకో" అని పంపేస్తాం. ఆ బ్యాచ్ లెక్క అక్కడితో మూసేసినట్టే. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. ఒక జనవరిలో పిడుగురాళ్ల వెళ్తుంటే బండి పంక్చరైంది. టైరు విప్పడానికి వచ్చిన కుర్రాడు తలెత్తి "నమస్తే సార్" అన్నాడు. ఎంపీసీలో చేరుతున్నానని ఏడు నెలల కిందట టీసీ పట్టుకెళ్లినవాడే. "కాలేజీలో పేరుంది సార్. పరీక్షలకి పోతా" అన్నాడు, ట్యూబును నీళ్లలో ముంచుతూ.

పేరు కాలేజీలో, మనిషి షెడ్డులో. మన రికార్డుల్లో ఇలాంటివాళ్లంతా "ఇంటర్ చదువుతున్నారు" అనే ఉంటారు. అందుకే ఈ సర్వేలో అడగాల్సింది "ఎక్కడ చేరావు?" అని కాదు, "పోయిన వారం ఎక్కడున్నావు?" అని. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క తేడా చుట్టూ తిరిగేవే.

పదో తరగతి దాటాక పిల్లలు ఎంత వేగంగా చేజారతారో, ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ విద్యా సర్వే 2023లో చూపించింది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లలను కలిస్తే, 14 ఏళ్ల వాళ్లలో చదువులో లేనివాళ్లు 3.9 శాతం తేలారు. 18 ఏళ్ల వాళ్లకి వచ్చేసరికి అది 32.6 శాతం. అది ఆ 28 జిల్లాల లెక్క. మీ ఊరి లెక్క మీరు తీస్తే తప్ప ఎవరూ తీయరు. అరవై మంది పిల్లలున్న హైస్కూలుకి ఇద్దరు టీచర్లు, ఒక ఎక్సెల్ షీటు, ఏడాదిలో ఓ పది సాయంత్రాలు చాలు.

మొదటి పని: జాబితాలో ఎవరుండాలో తేల్చుకోండి

సర్వే చెడిపోయేది చాలావరకు ఇక్కడే. పాసైనవాళ్ల జాబితా తీసుకుని మొదలుపెడతాం. ఫెయిలైన పిల్లవాడు ఆ జాబితాలో ఉండడు. మనకి అన్నిటికన్నా ఎక్కువగా తెలియాల్సింది వాడి సంగతే.

పరీక్ష కోసం బోర్డుకి పంపిన నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ల జాబితా, తీసుకోండి. పదో తరగతి హాజరుపట్టీని, అడ్మిషన్ రిజిస్టర్ని దాని పక్కన పెట్టి చూడండి. జూన్‌లో పదిలో ఉండి, నామినల్ రోల్స్ నాటికి కనిపించకుండా పోయిన పేర్లు రెండో మూడో తప్పకుండా బయటపడతాయి. వాళ్లనీ కలపండి. మధ్యలో టీసీ తీసుకుని వేరే బడికి వెళ్లినవాళ్లని మాత్రం తీసేయవచ్చు. అదీ వేరే బడిలో చేరినట్టు ఖాయమైతేనే.

ఒక్కొక్కరికి ఒక వరుస. పేరు, తల్లి పేరు, ఊరు లేదా తండా, ఆడా మగా, హాల్‌టికెట్ నంబరు, బడుల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ప్రతి విద్యార్థికీ ఉండే పెన్ నంబరు, మొదటిసారే పాసా, సప్లీలో పాసా, ఇంకా ఉన్నాయా. ఇవన్నీ బడిలో ఉన్నవే కాబట్టి పిల్లల్ని మళ్లీ అడగక్కర్లేదు. మొత్తం ఎంతమంది అయ్యారో షీటు మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. ఆ సంఖ్య ఇక మారకూడదు. దొరకనివాళ్లని చివర్లో మెల్లగా జాబితాలోంచి జార్చేయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

రెండో పని: పరీక్షలకి ముందే మూడు ఫోన్ నంబర్లు

మన రికార్డుల్లో ఉన్న నంబర్లలో సగం పనిచేయవు. ఆరో తరగతిలో చేరినప్పుడు ఇచ్చిన సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. రీచార్జ్ చేయలేక ఆగిపోయినవి కొన్ని, పనికోసం బెంగళూరు వెళ్లి అక్కడ మార్చుకున్నవి కొన్ని. అందుకని పిల్లలు మన చేతుల్లో ఉన్నప్పుడే, అంటే హాల్‌టికెట్లు ఇచ్చే రోజు, ఒక చిన్న చీటీ నింపించండి. ఇంట్లో నంబరు ఒకటి, ఊరు వదిలి వెళ్లని బంధువుది ఒకటి, పక్కింటివాళ్లది గానీ మంచి స్నేహితుడిది గానీ ఇంకొకటి. నా అనుభవంలో బాగా పనికొచ్చేది మేనమామ నంబరు. ఇంటిల్లిపాదీ వలస వెళ్లినా మేనమామకి తెలియకుండా పోరు.

చీటీ వెనక తల్లిదండ్రుల అంగీకారం తీసుకోండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలంటుంది. నాలుగు వాక్యాలు చాలు: పదో తరగతి అయ్యాక మీ అబ్బాయి లేదా అమ్మాయి ఏం చేస్తున్నదీ తెలుసుకోవడానికి బడి నుంచి రెండుసార్లు ఫోన్ చేస్తాం. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. పేరు బయటపెట్టం. ఏ పథకానికీ దీనితో సంబంధం లేదు.

ఆ చివరి వాక్యాన్ని తేలిగ్గా తీసుకోకండి. "మావాడు పనికి పోతున్నాడు" అంటే తల్లికి వందనం పథకం డబ్బులు ఆగిపోతాయేమోనని ఒకరికి, స్కాలర్‌షిప్ కట్టవుతుందేమోనని ఇంకొకరికి భయం. ఆ భయం తీరకపోతే మనకి వచ్చే జవాబులన్నీ "కాలేజీకి పోతున్నాడు సార్" అనే ఉంటాయి.

చీటీ అప్పుడు మిస్సయినవాళ్లు ఇంకో రెండుసార్లు దొరుకుతారు. ఒకటి టీసీ రోజు. రెండోది, ఒరిజినల్ మార్కుల మెమోలు బడికి వచ్చినప్పుడు. మెమో కోసం ఎవరైనా రాక తప్పదు. సంతకం పెట్టే రిజిస్టర్ పక్కనే చీటీల కట్ట ఉంచండి.

ఎప్పుడు అడగాలి?

జులైలో అడిగితే తొందరపడ్డట్టే. పాలిటెక్నిక్ సీట్ల కోసం పాలీసెట్ కౌన్సెలింగ్, ట్రిపుల్ ఐటీ జాబితా, ఐటీఐ విడతలు, అన్నీ అప్పటికి ఓ కొలిక్కి రావు. కొందరు ఇంటర్‌లో నెల రోజులు కూర్చుని, సీటు రాగానే పాలిటెక్నిక్‌కి మారతారు.

సెప్టెంబరు చివర్లో మొదలుపెట్టి దసరా సెలవుల్లో పూర్తిచేయండి. హాస్టల్లో ఉన్నవాళ్లు ఇంటికొస్తారు, ఫోన్ వాళ్ల చేతికే వస్తుంది. రెండో విడత సంక్రాంతికి. హైదరాబాద్ వెళ్లినవాళ్లు, బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయినవాళ్లు, కొత్త కోడళ్లు, అందరూ ఆ మూడు రోజులు ఊళ్లోనే కనబడతారు. తెలంగాణలోనైతే దసరా, బతుకమ్మ రోజులకే ఇళ్లు నిండుతాయి కాబట్టి మొదటి విడతలోనే ఎక్కువమంది దొరకొచ్చు.

రెండు విడతలూ ఎందుకని మా హెచ్ఎం కూడా అడిగారు. స్కాట్లాండ్‌లో బడి వదిలిన పిల్లల లెక్క ప్రభుత్వమే తీస్తుంది. అక్కడ కూడా విద్యా సంవత్సరం ముగిసిన సుమారు మూడు నెలలకి ఒకసారి, తొమ్మిది నెలలకి మరోసారి చూస్తారు. చేరినవాళ్లలో నిలబడిందెవరో రెండోసారి చూస్తేనే తెలుస్తుంది. మన దగ్గర ఈ తేడా ఇంకా ఎక్కువ. అక్టోబరు నుంచి పత్తి తీతలు, జనవరి నుంచి మిర్చి కోతలు. కాలేజీలో ఖాళీ అయ్యే బెంచీలకి, చేలో కూలీల డిమాండుకి సంబంధం ఉంటుందని పల్నాడులో పుట్టినవాళ్లకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఒక జాగ్రత్త. సెలవుల్లో ఫోన్ చేసి "పోయిన వారం కాలేజీకి వెళ్లావా?" అంటే అందరూ లేదనే అంటారు. "సెలవులకి ముందు వారం" అని అడగండి. మొదటి ఏడాది నేను ఈ పొరపాటు చేసి పదహారు మందికి మళ్లీ ఫోన్ చేశాను.

ఏ గడిలో ఎవరు?

ప్రశ్నలకన్నా ముందు గడులు నిర్ణయించుకోండి. లేకపోతే ఒక టీచరు "ఇంటర్" అని రాసినదాన్ని ఇంకొకరు "హాస్టల్" అని రాస్తారు. నేను వాడే గడులివి: జనరల్ ఇంటర్ (గ్రూపు విడిగా), ఒకేషనల్ ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ, ట్రిపుల్ ఐటీ, ఓపెన్ స్కూల్, జీతానికో కూలికో పని, సొంత పొలం లేదా ఇంటి వ్యాపారం, సప్లీకి చదువుకుంటూ ఇంట్లో, చదువూ పనీ లేకుండా ఇంట్లో, ఇతరం, దొరకలేదు.

నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలకు వెళ్లినవాళ్లు ఆరేళ్ల కోర్సులో ఉంటారు. మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయే. అయినా వాళ్లని విడి గడిలో ఉంచడం మంచిది, ఎందుకంటే ఊళ్లో అందరూ అడిగేది ఆ సంఖ్యే. ఒకరు వెళ్తే ఫ్లెక్సీ కడతాం. మిగతావాళ్ల గురించి ఫ్లెక్సీ ఉండదు.

చదువూ పనీ రెండూ ఉన్నవాళ్లని ఏం చేయాలి? రెండు గడులు పెట్టండి: ప్రధానంగా ఏం చేస్తున్నారు, దానితోపాటు ఇంకేం చేస్తున్నారు. ఆ వారంలో మూడు రోజులు, అంతకుమించి క్లాసుకి వెళ్తే ప్రధానం చదువు. అంతకన్నా తక్కువైతే, పేరు ఏ కాలేజీలో ఉన్నా, ప్రధానం పనే. ఈ మూడు రోజుల గీత నేను గీసుకున్నది. మీరు నాలుగు పెట్టుకున్నా నష్టం లేదు. ఏటా అదే గీత ఉండాలి, అంతే. మన దేశంలో నిరుద్యోగం లెక్కలు తీసే పీఎల్‌ఎఫ్‌ఎస్ సర్వేలోనూ ఒక లెక్కకి గడిచిన ఏడు రోజులనే చూస్తారు. "సాధారణంగా ఏం చేస్తుంటారు?" అంటే ఎవరైనా తమకి నచ్చిన బొమ్మ చెబుతారు. "మొన్న సోమవారం ఏం చేశారు?" అంటే జరిగింది చెబుతారు.

ప్రశ్నలు

పది దాటనివ్వకండి. ఐదారు నిమిషాల్లో అయిపోవాలి. నేను అడిగేవి అడిగే మాటల్లోనే ఇస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ మాట మారితే జవాబు మారుతుంది.

మొదటిది: "సెలవులకి ముందు వారం, సోమవారం నుంచి శనివారం దాకా, ఎన్ని రోజులు క్లాసుకి వెళ్లావు?" సున్నా అంటే ఎందుకని వెంటనే అడగొద్దు. నేరం చేసినట్టు ముడుచుకుపోతారు. రాసుకుని ముందుకెళ్లండి.

రెండోది: "అదే వారంలో ఒక్క రోజైనా పనికి వెళ్లావా? డబ్బులిచ్చే పనైనా, మన చేలో పనైనా, గొర్రెలు తోలుకెళ్లడమైనా, షాపులో కూర్చోవడమైనా." ఈ ఉదాహరణలు తప్పకుండా చదవాలి. "పని చేస్తున్నావా?" అని మాత్రమే అడిగితే సొంత చేలో రోజంతా పురుగుమందు కొట్టినవాడు కూడా "లేదు సార్, ఖాళీ" అంటాడు.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. "ఇంట్లోనే ఉంటోంది సార్, ఏం చేయట్లేదు" అని తల్లి చెబుతుంది. అమ్మాయికి ఫోన్ ఇప్పించి "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావమ్మా?" అని అడిగాను ఒకసారి. పాచిపని, వంట, తమ్ముణ్ణి బడికి పంపడం, మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీలో మిర్చికి తొడిమలు తీయడం, సాయంత్రం గేదెలు. ఇదీ "ఏం చేయట్లేదు" అంటే. ఇంట్లో ఉందని జవాబొస్తే ఈ "నిన్నంతా" ప్రశ్న తప్పనిసరి చేసుకోండి.

చదువులో ఉంటే కొన్ని చిన్న ప్రశ్నలు: ఏ కాలేజీ, ఏ కోర్సు, ఇంటి నుంచా, హాస్టలా, ఇంటి నుంచైతే పొద్దున ఎన్నింటికి బయల్దేరి రాత్రి ఎన్నింటికి చేరతావు, ఆ కోర్సు ఎవరు ఎంచుకున్నారు. ప్రయాణం ప్రశ్నని తీసేయకండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితమే. అయితే టికెట్ లేకపోయినంత మాత్రాన బస్సు రాదు కదా. మాకు దూరంగా ఉన్న ఒక తండాకి సాయంత్రం చివరి బస్సు కాలేజీ వదలకముందే వెళ్లిపోతుంది. అక్కడి ఆడపిల్లలు వరసగా ఎందుకు మానేస్తున్నారో మాకు ఈ ప్రశ్నతోనే అర్థమైంది.

పనిలో ఉంటే: ఏం పని, ఎక్కడ, పొద్దున ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎవరు పెట్టించారు. జీతం చివర్లో అడగండి, చెప్పకపోతే వదిలేయండి. "ప్రైవేటు పని" అని రాసుకోవద్దు. సున్నం బట్టీ, స్పిన్నింగ్ మిల్లు, సెల్ షాపు, వెల్డింగ్, పెట్రోలు బంకు, బట్టల షాపు, వాళ్లు చెప్పిన మాటే రాయండి. ఈ వివరమే తర్వాత పనికొస్తుంది.

మానేసినవాళ్లని "ఎందుకు మానేశావు?" అని అడిగితే నూటికి తొంభై మంది "ఇంట్రెస్ట్ లేదు సార్" అంటారు. ఆ మాట దగ్గర ఆగిపోతే సర్వే దండగ. ఇలా అడిగి చూడండి: "నువ్వు చివరగా కాలేజీకి వెళ్లిన రోజు గుర్తుందా? ఆ రోజు ఏం జరిగింది?" ఒకడికి ఫీజు బాకీ ఉందని క్లాసు బయట నిలబెట్టారు. ఇంకొకడు ఇంగ్లిష్ మీడియం ఫిజిక్స్ ఒక్క ముక్క అర్థంకాక వారం రోజులు ఏడ్చాడు. ఒకమ్మాయి నాన్నకి యాక్సిడెంట్ అయింది. వీటిల్లో ఏదీ ఇంట్రెస్ట్‌కి సంబంధించింది కాదు. చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే రాసుకోండి.

ఆఖరి రెండు: "మళ్లీ చదవాలని ఉందా, ఉంటే ఏం కుదిరితే వెళ్తావు?" అని ఒకటి. "పదో తరగతిలో ఉన్నప్పుడు మేం ఏం చెప్పి ఉంటే నీకు ఉపయోగపడేది?" అని మరొకటి. రెండోదానికి వచ్చే జవాబులకి మనసు గట్టి చేసుకోండి.

ఫోన్ చేయడం

గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోతుందని అందరికీ ముందు అనిపిస్తుంది. మాకు మొదటిసారి మూడోవంతు మందే నింపారు. నింపినవాళ్లంతా మంచి కాలేజీల్లో చేరినవాళ్లే. సంతోషంగా ఉన్నవాడు ఫారం నింపుతాడు, సిగ్గుపడేవాడు నింపడు. ఫారం పెట్టండి, దాన్ని మొదటి వడపోతగా మాత్రమే వాడండి. మిగతావాళ్లకి ఫోనే.

సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నర మధ్య చేయండి. పొద్దున చేస్తే చేలో ఉంటారు, తొమ్మిది దాటితే పడుకుంటారు. బడి నుంచి ఫోన్ అంటే తల్లిదండ్రులకి మొదట వచ్చేది టెన్షనే. సాధారణంగా ఇలా ఉంటుంది:

"నమస్తే అమ్మా, నేను హైస్కూలు లెక్కల మాస్టార్ని మాట్లాడుతున్నాను."

"ఏంటి సార్, ఏమన్నా ఫీజు బాకీ ఉందా?"

"డబ్బుల విషయం కాదమ్మా. మా దగ్గర పది చదివిన పిల్లలంతా ఇప్పుడు ఏం చేస్తున్నారో తెలుసుకుంటున్నాం. పథకాలకీ దీనికీ ఏం సంబంధం లేదు. ఐదు నిమిషాలు బాబుతో మాట్లాడొచ్చా?"

వీలైనంతవరకు పిల్లలతోనే మాట్లాడండి. తల్లి చెప్పిందీ కొడుకు చెప్పిందీ వేరైతే రెండూ రాసుకుని, పిల్లవాడు చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోండి. ఏ జవాబుకీ "అయ్యో, అదేంట్రా!" అనకూడదు. చెప్పడం సులువే, చేయడం కష్టం. క్లాసులో ఫస్టు వచ్చినవాడు పెట్రోలు బంకులో ఉన్నానంటే నోట్లోంచి మాట తన్నుకొస్తుంది. ఫోన్లో క్లాసు పీకడం మొదలుపెడితే మాత్రం ఆ మాట వాడి స్నేహితులందరికీ పాకి, మిగతావాళ్లెవరూ ఎత్తరు.

పిల్లల్ని కొట్టే మాస్టారిగా పేరున్నవాళ్లని ఈ పనికి దూరంగా ఉంచండి. డిగ్రీ చదువుతున్న మన పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురు దొరికితే మరీ మంచిది. అన్నకో అక్కకో చెప్పినంత తేలిగ్గా సార్‌కి చెప్పరు. వాళ్లకి మొత్తం షీటు ఇవ్వొద్దు. ఎవరికి ఏ పేర్లు అప్పజెప్పారో ఆ పేర్లు, నంబర్లు చాలు.

ఒక్కో నంబరుకి వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో ఐదుసార్లు ప్రయత్నించండి. ప్రతి ప్రయత్నం తేదీతో రాసుకోండి. ఐదూ అయ్యాక రెండో నంబరు, తర్వాత మూడోది. అప్పటికీ దొరకకపోతే ఊరివారీగా పేర్లు వేరుచేసి, ఆదివారం బండేసుకుని వెళ్లండి. అంగన్‌వాడీ టీచరుకి తెలియని ఇల్లు ఉండదు. యూడైస్‌లో పెన్ నంబరు కొట్టి చూస్తే ఏదైనా జూనియర్ కాలేజీ చేర్చుకుందా, లేక ఎక్కడా చేరనివాళ్ల పేర్లుండే డ్రాప్‌బాక్స్‌లోనే మిగిలిపోయాడా అన్నది తెలుస్తుంది. పాలిటెక్నిక్, ఐటీఐలకి వెళ్లినవాళ్లు అందులో దొరకరు. ఇంకో మాట: అక్కడ కనిపించినా అది చేరినట్టే, వెళ్తున్నట్టు కాదు. దాన్ని చూసి "చదువులో ఉన్నాడు" అని గడి నింపొద్దు.

వినకూడనివి విన్నప్పుడు

పదిహేను, పదహారేళ్ల పిల్లల గురించి అడుగుతున్నాం కాబట్టి కొన్ని జవాబులు రాసుకుని ఊరుకునేవి కావు. బాల్యవివాహాల నిషేధ చట్టం, 2006 ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. సంబంధం చూస్తున్నారనో, పెళ్లైపోయిందనో తెలిస్తే ఫోన్లోనే వాదన పెట్టుకోకండి. హెచ్ఎంతో మాట్లాడి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, చెప్పినవాళ్ల పేరు బయటికి రాకుండా చూడండి. పని విషయంలో, 14 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టుకోకూడదని 2016 సవరణ తర్వాత బాలకార్మిక చట్టం చెబుతోంది. పనిచేసే ప్రతి పిల్లవాడి గురించీ ఫిర్యాదు చేయమని కాదు. జీతం ఇవ్వకుండా, ఇంటికి పంపకుండా ఉంచుకున్నారని తెలిస్తే మాత్రం 1098 ఉంది. ఇలాంటివి ఎవరు చూసుకోవాలో ఫోన్లు మొదలుపెట్టకముందే ఒక టీచరు పేరు అనుకోండి. అంగీకార పత్రం మీద కూడా "పిల్లల భద్రత విషయమైతే తప్ప" అన్న మాట కలపండి. లేకపోతే ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది.

షీటును కాపాడుకోండి

ఇది నా తప్పు, చెప్పుకోవాలి. ఒక ఏడాది నంబర్ల షీటును టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను, అందరికీ సులువుగా ఉంటుందని. నాలుగు రోజుల్లో పిల్లల ఇళ్లకి ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్వోల ఫోన్లు. "మీ మాస్టారే నంబరిచ్చారు" అన్నారట. ఎవరి ద్వారా వెళ్లిందో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాది రెండో విడతలో చాలామంది నా ఫోన్ ఎత్తలేదు. పదో తరగతి పిల్లల నంబర్లకి మార్కెట్లో రేటుంటుందని మరిచిపోవద్దు.

రెండు షీట్లు చేయండి. ఒకదాంట్లో పేర్లు, నంబర్లు, ఒక కోడు. రెండోదాంట్లో కోడు, జవాబులు, అంతే. మొదటిది పాస్‌వర్డుతో హెచ్ఎం కంప్యూటర్లో ఒక్కచోటే ఉండాలి. రెండో విడత అయ్యాక నంబర్లు చెరిపేయండి.

లెక్క కట్టడం

ఇక్కడ లెక్కల మాస్టార్ని కాబట్టి కాస్త ఆగుతాను. ఊహించిన అంకెలతో చూద్దాం. జాబితాలో 58 మంది. 47 మంది దొరికారు, వాళ్లలో 37 మంది చదువులో ఉన్నారు. 37ని 47తో భాగించి "79 శాతం చదువుతున్నారు" అని రాసేస్తాం. మిగిలిన 11 మంది మాటేమిటి?

వాళ్లెవరూ చదవట్లేదనుకుంటే 58లో 37, అంటే 64 శాతం. అందరూ చదువుతున్నారనుకుంటే 48, అంటే 83 శాతం. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. ముందుగా ఈ రెండు అంకెలూ రాయండి.

తర్వాత దొరకనివాళ్లు ఎలాంటివాళ్లో చూడండి. 58లో మొదటిసారే పాసైనవాళ్లు 44, తప్పినవాళ్లు 14 అనుకుందాం. పాసైనవాళ్లలో 40 మంది దొరికారు, 36 మంది చదువుతున్నారు: 90 శాతం. తప్పినవాళ్లలో 7 మందే దొరికారు, ఒక్కరే చదువుతున్నారు: 14 శాతం. దొరకనివాళ్లూ తమ గుంపులోవాళ్లలాగే ఉంటారనుకుంటే, 44లో 90 శాతం అంటే సుమారు 40, పద్నాలుగులో 14 శాతం అంటే 2. మొత్తం 42, అంటే 72 శాతం. 79 ఎక్కడ, 72 ఎక్కడ! తప్పినవాళ్లు తక్కువగా దొరకడం వల్లే ఈ ఏడు శాతం గాలి.

ఆడ, మగ వేరుగా తీయండి, ఊరివారీగా తీయండి. బయట చూపించే కాగితంలో మాత్రం ఐదుకన్నా తక్కువ ఉన్న గడి వేయొద్దు. "ఫలానా తండా, ఆడపిల్లలు, పెళ్లి: 1" అని గోడకి అంటిస్తే ఆ అమ్మాయి పేరు రాసినట్టే. ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి ముగ్గురు నలుగురు తేడా వస్తే గుండెలు బాదుకోనక్కర్లేదు, పండగ చేసుకోనక్కర్లేదు. మూడేళ్లు పక్కపక్కన పెట్టి చూడండి.

వచ్చినదానితో ఏం చేయాలి?

దసరా విడత అవగానే, రిపోర్టు రాయకముందే, "మళ్లీ చదవాలని ఉంది" అన్నవాళ్ల పేర్లు వేరుచేయండి. ఓపెన్ స్కూల్లో అడ్మిషన్లు ఉన్నాయా, దగ్గర ఐటీఐలో ఖాళీలు మిగిలాయా, సప్లీకి ఫీజు గడువెప్పుడు, ఇవి కనుక్కుని అదే వారంలో తిరిగి ఫోన్ చేయండి. మేం తిరిగి ఫోన్ చేసిన తొమ్మిది మందిలో ఇద్దరు వెళ్లారు. రిపోర్టు మీద పెట్టిన సాయంత్రాలకన్నా ఆ రెండు ఫోన్లే ఎక్కువ అనిపించాయి నాకు.

రిపోర్టు రెండు పేజీలు చాలు. బడి కమిటీ సమావేశంలో చదివి వినిపించండి. చివరి బస్సు సంగతి లాంటివి ఉంటే డిపో మేనేజరుకి అర్జీతోపాటు జతచేయండి. "ఆడపిల్లలు ఇబ్బంది పడుతున్నారు" అన్న అర్జీ ఎవరైనా ఇస్తారు. "ఈ తండా నుంచి 6 గురు చేరారు, 5 గురు డిసెంబరులోపు మానేశారు, కాలేజీ వదిలేది నాలుగున్నరకి, బస్సు వెళ్లేది నాలుగూ పదికి" అన్న అర్జీని పక్కన పెట్టడం కష్టం.

జనవరిలో పదో తరగతి పిల్లలకి ఒక పీరియడ్ కేటాయించి సీనియర్ల గడుల బొమ్మ బోర్డు మీద గీయండి, పేర్లు లేకుండా. ఎంపీసీలో ఇంతమంది, వాళ్లలో సంక్రాంతికి మిగిలింది ఇంతమంది. ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, వెల్డర్ ఒక్క ఏడాది, ఎవరెవరు ఏ పనిలో కుదిరారు. మొదటిసారి అలా గీసినప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "సార్, ఐటీఐకి వెళ్లినవాళ్లందరూ ఇంకా వెళ్తున్నారా?" అని అడిగాడు. నలుగురు చేరారు, నలుగురూ వెళ్తున్నారని చెప్పాను. ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.